పిల్ల పేరు ఏ రిజిస్టర్లో ఉంటుంది?

ప్రశ్న:

టీచరుగారికి నమస్కారాలు. మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తారు. ఇంట్లో నేను, మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి మొన్న జనవరిలో 13 నిండాయి. ఆరో తరగతి నుంచి విజయవాడ వైపు హాస్టల్లో పెట్టి చదివించాం. సంక్రాంతికి వచ్చినప్పుడు తిరిగి వెళ్ళనని ఒకటే ఏడుపు. నచ్చజెప్పి పంపాం. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి వచ్చేసింది. ఇప్పుడు గదిలోంచి బయటికి రాదు, చెల్లెలితో కూడా సరిగ్గా మాట్లాడదు. "ఫోన్లో స్కూలుంటుందట, అదైతే చదువుతాను" అంటోంది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కూడా అక్కడ చాలామంది పిల్లలు అలాగే చదువుతున్నారని చెప్పింది. ఒక ఆన్‌లైన్ స్కూలు వాళ్ళకి నంబరిచ్చాను. అప్పట్నుంచి రోజూ ఫోన్లే. తొమ్మిదో తరగతికి 72 వేలట, నెలకి 6 వేల చొప్పున కట్టుకోవచ్చట. "సర్టిఫికెట్ గురించి భయపడకండి, అంతా మేం చూసుకుంటాం" అంటున్నారు. మా అత్తగారేమో బడికెళ్ళని చదువు చదువేంటంటున్నారు. అసలు ఈ స్కూళ్ళు ఎలా నడుస్తాయి? ఆ చదువు చెల్లుతుందా? వరదొస్తే మాకు దారే ఉండదు కదా, ఇదే మేలేమోనని కూడా అనిపిస్తోంది. జూన్‌లోపు తేల్చుకోవాలి.

— ఒక తల్లి, కోనసీమ

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడిగింది ఆన్‌లైన్ స్కూలు గురించే అయినా, మీ బెంగంతా గదిలోంచి బయటికి రాని పిల్ల గురించేనని అర్థమైంది. రెండూ మాట్లాడుకుందాం. ముందు స్కూలు సంగతి. బళ్ళు తెరిచే రోజు దగ్గరకొచ్చేసింది, అవతల ఫోన్లు చేసేవాళ్ళు మిమ్మల్ని ఊపిరి సలపనివ్వడం లేదు. ఈ జవాబు చివరిదాకా చదివేలోపు ఎక్కడా సంతకం పెట్టకండి, ఎవరికీ ఓటీపీ చెప్పకండి.

నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక 2021 నుంచి రెండేళ్ళు ఒక ఆన్‌లైన్ స్కూల్లో కూడా చెప్పాను. అందుకని రెండు వైపులా ఏం జరుగుతుందో నాకు కొంత తెలుసు.

పొద్దున తొమ్మిదింటికి ఫోన్‌కో ట్యాబుకో లింకు వస్తుంది. పిల్ల అది నొక్కి లోపలికి వెళ్తుంది. నలభై నిమిషాల పీరియడు, పది నిమిషాల విరామం, మళ్ళీ పీరియడు. ఒంటిగంటకల్లా ఆ రోజు బడి అయిపోతుంది. కొన్నిచోట్ల టీచరు నేరుగా చెబుతారు. ఇంకొన్నిచోట్ల ఎప్పుడో తీసిపెట్టిన వీడియో వేస్తారు, సందేహాలుంటే పక్కన టైపు చెయ్యాలి. హోంవర్కు నోట్సులో రాసి ఫోటో తీసి పెట్టాలి. పరీక్షలు కూడా ఆ తెరమీదే, చాలావరకు టిక్కు పెట్టే ప్రశ్నలే. వాటిని దిద్దడానికి మనిషి అక్కర్లేదు కదా. పాఠాలు చెప్పేవాళ్ళలో చాలామంది నాలాగా గంటల లెక్కన డబ్బు తీసుకునేవాళ్ళే, ఏడాది మధ్యలో మారిపోతుంటారు. మీకు రోజూ ఫోన్ చేస్తున్న కౌన్సెలర్ అడ్మిషన్లు చేయించే ఉద్యోగి. పిల్లల మనసు తెలుసుకుని సలహా చెప్పే మనిషి అనుకోకండి. నెలకి ఇంతమందిని చేర్పించాలని అతనికీ లెక్క ఉంటుంది, అది అతని బతుకుతెరువు. కానీ "అంతా మేం చూసుకుంటాం" అన్న అతని మాట మీద మీ పిల్ల ఏడాది పెట్టకూడదు.

ఈసారి అతను ఫోన్ చేసినప్పుడు ఒక్కటే అడగండి. మా అమ్మాయి పేరు ఏ బడి రిజిస్టర్లో ఉంటుంది? ఆ బడి యూడైస్ కోడ్ ఎంత?

యూడైస్ కోడ్ అంటే దేశంలో ప్రతి బడికీ ఇచ్చే 11 అంకెల నంబరు. మన రాష్ట్రంలో బడి అయితే 28తో మొదలవుతుంది. ఊళ్ళోని ప్రాథమిక పాఠశాలకీ ఉంటుంది, విజయవాడలో పెద్ద కార్పొరేటు స్కూలుకీ ఉంటుంది. గుర్తింపు లేకుండా ఎవరూ బడి నడపకూడదని 2009 విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. ఆ గుర్తింపు కావాలంటే గదులుండాలి, టీచర్లుండాలి, నీళ్ళు, మరుగుదొడ్లు ఉండాలి. సీబీఎస్ఈ అయితే ఇంత స్థలం, ఇంత భవనం అని కొలతలతో సహా అడుగుతుంది. ఫోన్లో మాత్రమే నడిచే ప్రైవేటు స్కూలుకి ఇవేవీ ఉండవు. పేరు చివర స్కూలు అని పెట్టుకున్నా, కాగితాల లెక్కలో అది ట్యూషనే.

ట్యూషన్ చెడ్డదని నేననను. నేను చెప్పిన చోట కూడా మంచి టీచర్లు ఉండేవారు. కానీ ట్యూషన్ కొంటున్నామని తెలిసి కొనాలి.

మీ ప్రశ్నకి వాళ్ళు చెప్పే జవాబు బహుశా రెండిట్లో ఒకటి. "మాకు ఫలానా ఊళ్ళో ఒక స్కూలుతో ఒప్పందం ఉంది, పేరు అక్కడ నడుస్తుంది" అనొచ్చు. అంటే మీ పిల్ల ఎన్నడూ చూడని బడిలో ఆమెకు రోజూ హాజరు పడుతుంది. జనం డమ్మీ అడ్మిషన్ అనేది దీన్నే. సీబీఎస్ఈలో పదో తరగతి పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరుండాలి, అదీ నిజంగా బడికి వచ్చిన హాజరు. ఇలా పిల్లలు రాకుండానే పేర్లు నడుపుతున్నారని 2024 నవంబరులో ఢిల్లీ, రాజస్థాన్‌లలో 21 బళ్ళకు సీబీఎస్ఈ అనుబంధం రద్దు చేసింది. పేరు అలాంటి చోట ఉంటే తనిఖీలో బడిమీద పడ్డ దెబ్బ పిల్లలకీ తగులుతుంది. ఈ జవాబు వస్తే ఇంకేం మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి.

లేదా "ఓపెన్ స్కూల్లో కట్టిస్తాం" అంటారు. ఇది నిజాయితీ ఉన్న దారి, చట్టబద్ధమైన దారి. సీబీఎస్ఈ 1979లో ప్రయోగంగా మొదలుపెట్టిన ఓపెన్ స్కూలు 1989లో వేరే సంస్థ అయింది, అదే ఇప్పటి ఎన్ఐఓఎస్. మన రాష్ట్రానికి సొంతంగా 1991 నుంచి ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. రెండూ పదో తరగతి, ఇంటర్ పరీక్షలు పెడతాయి. రెండిటి సర్టిఫికెట్లూ చెల్లుతాయి. ఎన్ఐఓఎస్‌లో పదో తరగతి తెలుగు మాధ్యమంలో కూడా రాయొచ్చు. అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలుంటాయి, ఒక్కో సబ్జెక్టు పాసైన కొద్దీ పక్కన పెట్టుకుంటూ పోవచ్చు. ఓపెన్ స్కూలు వాళ్ళు నీట్‌కి పనికిరారన్న నిబంధన ఒకటి ఉండేది, దాన్ని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. జబ్బు చేసి బడికి పోలేని పిల్లలు, ఆటల్లో తిరిగే పిల్లలు, చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలు ఎందరో ఆ దారిన వెళ్ళి డిగ్రీలు చేశారు. మా దగ్గర చదువు ఆపేసి పెళ్ళయిపోయిన ఒకమ్మాయి ఇద్దరు పిల్లల తల్లయ్యాక ఓపెన్ స్కూల్లో పది రాసింది. ఇప్పుడు అంగన్‌వాడీలో పనిచేస్తోంది.

మీ పిల్ల విషయంలో మాత్రం ఒక చిక్కుంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చేరాలంటే 14 ఏళ్ళు నిండాలి. మీ అమ్మాయికి 13. పైగా ఓపెన్ స్కూల్లో తొమ్మిదో తరగతి అన్నదే లేదు. మూడు, అయిదు, ఎనిమిదికి సమానమైన మెట్లున్నాయి, ఆ తర్వాత నేరుగా పదే. మరి ఆ కౌన్సెలర్ మీకు 72 వేలకి అమ్ముతున్న తొమ్మిదో తరగతి ఏంటి? కాగితం మీద అది ఏ తరగతీ కాదు. పాఠాలు చెబుతారు, నిజమే. కానీ వచ్చే ఏడు మీ పిల్ల "అమ్మా, మళ్ళీ బడికెళ్తాను" అంటే, తొమ్మిది ఎక్కడ చదివిందో చూపే టీసీ ఉండదు. సీబీఎస్ఈ బళ్ళయితే తొమ్మిదిలోనే పిల్లల పేర్లు బోర్డుకి నమోదు చేస్తాయి, అక్కడ పేరు లేనివాళ్ళని పదిలో చేర్చుకోవడం కష్టం. మన స్టేట్ బళ్ళలోనూ హెడ్‌మాస్టర్లు తొమ్మిది రికార్డు లేకుండా పదిలో చేర్చుకోవడానికి జంకుతారు. మీరు తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడి అడుగుతున్నారు కాబట్టి దీన్ని ఇంత సాగదీసి చెబుతున్నాను. ఆరో తరగతి పిల్ల గురించి అడిగి ఉంటే ఇంత కంగారు పడేదాన్ని కాదు.

కేంబ్రిడ్జి లాంటి విదేశీ బోర్డుల పేరు చెప్పే ఆన్‌లైన్ స్కూళ్ళు కూడా ఉన్నాయి. ఆ పరీక్షలు నిజమైనవే, కానీ ఫీజులు ఎక్కువ, పరీక్షా కేంద్రాలు పెద్ద ఊళ్ళలో, తర్వాత ఇక్కడి కాలేజీకి రావాలంటే ఆ చదువు ఇక్కడి చదువుకి సమానమని చెప్పే పత్రం తెచ్చుకోవాలి. మీకది అక్కర్లేదు. ఎప్పుడూ వినని బోర్డు పేరేదైనా చెబితే, దేశంలోని స్కూలు బోర్డుల మండలి కోబ్సే జాబితాలో ఆ పేరుందో లేదో ముందు చూడండి.

ఇంకో సంగతి మన ప్రాంతంలో చాలామంది తల్లిదండ్రులకి ఇంటర్ అయ్యాకగానీ తెలియదు. ఇంజనీరింగ్ లాంటి కోర్సుల ప్రవేశపరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికులమని చూపడానికి ఏ ఏడు ఏ బడిలో చదివారో స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడిలో చదవని ఏళ్ళకి తహసీల్దారు దగ్గర నివాస ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దారి లేకపోలేదుగానీ, ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీరే, ఆ కంపెనీ రాదు. చదువుకునే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు కూడా గుర్తింపున్న బడి రిజిస్టర్లో పేరుంటేనే పడుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. నెలకి 6 వేలంటే స్కూలు మీమీద దయతలచి వాయిదాలిచ్చిందనుకోకండి. చాలాచోట్ల జరిగేది ఇది. ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున 72 వేలు అప్పు రాసి, ఆ డబ్బు ఒకేసారి స్కూలుకి ఇచ్చేస్తుంది. మీరు ఫోన్లో ఓటీపీ చెప్పగానే అప్పుకాగితం మీద వేలిముద్ర వేసినట్టే. నెలనెలా మీ ఖాతాలోంచి దానంతటదే కోసుకుంటారు. రెండు నెలలకి పిల్ల నావల్ల కాదంటే స్కూలుకొచ్చే నష్టమేం లేదు, వాళ్ళ డబ్బు వాళ్ళకి ముట్టింది. మిగతా పది నెలల బాకీ మీమీద ఉంటుంది. కట్టకపోతే మీ సిబిల్ స్కోరు పోతుంది, రేపు ఇంటికో బంగారం మీదో లోను అడిగితే బ్యాంకువాళ్ళు తల అడ్డంగా ఊపుతారు. ఇలాంటి ఫిర్యాదులు పెరిగాకే 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులకి హెచ్చరిక ఇచ్చింది. ఖాతాలోంచి దానంతటదే డబ్బు పోయే ఏర్పాటుకి ఒప్పుకోవద్దని అందులో ఉంది. మస్కట్ ఎండలో మీ ఆయన పడే కష్టం తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఏ నెల ఫీజు ఆ నెల కట్టించుకునే చోటే మాట్లాడండి.

సరే, కాగితాలూ డబ్బూ పక్కన పెడదాం. అక్కడ చదువు వస్తుందా?

నా బ్యాచ్‌లో 46 మంది ఎనిమిదో తరగతి పిల్లలుండేవారు. తెరమీద 46 నల్ల గళ్ళు, ఒక్కోదాంట్లో ఒక్కో పేరు. ముఖాలు కనిపించవు, మైకులు మూసుంటాయి. పాలకొల్లు వైపు అబ్బాయి ఒకడుండేవాడు. ఒక్కరోజు కూడా నాగా లేదు, తొమ్మిదింటికల్లా పేరు వెలిగేది. కంపెనీవాళ్ళ కాగితంలో వాడి హాజరు 100 శాతం. ఒకరోజు నేను భిన్నాలు చెబుతుండగా వాడి మైకు పొరపాటున తెరుచుకుంది. ఏరేటర్ల చప్పుడు. చెరువు నీళ్ళని చిలికే ఆ చప్పుడు భీమవరం, పాలకొల్లు వైపు తిరిగినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. వెనక నుంచి ఎవరో పెద్దాయన "ఒరే, ఇంకో బస్తా విప్పు" అంటున్నాడు. వాడి పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళమ్మ చెప్పింది: "పొద్దుటిపూట మేత వేయడానికి వాళ్ళ నాన్నకి సాయం వెళ్తాడండి, ఫోను గట్టు మీద షెడ్డులో పెట్టుకుంటాడు. ఏమండీ, కనెక్ట్ అయ్యే ఉంటున్నాడు కదా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. కనెక్ట్ అయ్యే ఉన్నాడు. నాలుగు నెలలుగా రొయ్యల చెరువు గట్టున కూర్చుని వాడి ఫోను ఎనిమిదో తరగతి చదువుతోంది. నేను ఆ సంగతి కంపెనీలో చెప్పాను. లాగిన్ ఉంది, ఫీజు వస్తోంది, ఇబ్బందేముంది మేడం అన్నారు. ఆ ఏడు అయ్యాక నేను మానేశాను.

హైస్కూల్లో అయితే నేను హాజరు పిలిచేదాన్ని. పేరు పిలిస్తే ఒక గొంతు పలికేది. గొంతు పలక్కపోతే పక్క బెంచీవాడు "రాలేదండి, వాళ్ళ మామ్మ పోయింది" అనేవాడు. ఆ గొంతు ఎలా ఉందో వింటేనే పిల్లకి జ్వరమో, ఇంట్లో గొడవో సగం తెలిసిపోయేది. మీరు ఏ ఆన్‌లైన్ స్కూలుతో మాట్లాడినా ఇదే గుచ్చి గుచ్చి అడగండి. క్లాసులో ఎంతమంది? కెమెరా తెరిచి ఉండాలా? మా పిల్ల రెండు రోజులు పలక్కపోతే నాకు ఎవరు ఫోన్ చేస్తారు, వాళ్ళ పేరేంటి? దిద్దిన నోట్సు ఒకటి చూపిస్తారా, ఎర్రసిరాతో మనిషి దిద్దింది? ఇరవై మంది లోపుండి, పేరు పెట్టి పిలిచి, నోట్సు దిద్దే చోటైతే అది మంచి ట్యూషన్. నాకు తెలిసినవాటిలో అలాంటివి కొన్ని ఉన్నాయి. అవి ఇంతగా ఫోన్లు చెయ్యవు.

ఇక్కడే ఇంకో పిల్ల సంగతి చెప్పకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. నా బ్యాచ్‌లో ఒక లంక పిల్ల ఉండేది. వాళ్ళని నావ మీద తెచ్చి ఏటిగట్టు మీద దించారు. నాలుగో రోజు తొమ్మిదింటికి ఆ పిల్ల గడి వెలిగింది, కెమెరా తెరిచి ఉంది. నెత్తిమీద నీలం టార్పాలిన్, వెనక కట్టేసిన గేదె. క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, దానిమీద సమీకరణం చేసి తెరకి ఆనించి చూపించింది. ఎడంపక్క ఉన్నదాన్ని కుడిపక్కకి తెచ్చేటప్పుడు గుర్తు మార్చడం మర్చిపోయింది. చెప్తే అక్కడే కొట్టేసి సరిచేసింది. ఆ రోజు మిగతా పిల్లలు ఒక్కొక్కరే కెమెరాలు తెరిచారు. ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల పక్కన పీరియడంతా వాళ్ళమ్మ కూర్చుని ఉంది, చేత్తో ఫోనుకి నీడ పట్టుకుని.

కాబట్టి ఇది మాయాబజారని నేననను. పక్కన మనిషి ఉన్న పిల్లకి పనికొచ్చింది, ఫోను ఒంటరిగా కూర్చున్న చోట పనికిరాలేదు.

మీ ఆడపడుచు చెప్పింది కూడా అబద్ధం కాదు. అమెరికాలో ఫ్లోరిడా ప్రభుత్వం 1997లోనే ఆన్‌లైన్ బడి పెట్టింది. పిల్ల కోర్సు పూర్తి చేస్తేనే దానికి ప్రభుత్వ నిధులు వస్తాయి, మధ్యలో వదిలేస్తే రావు. మీ కౌన్సెలర్ లెక్కకి ఇది సరిగ్గా తిరగేసిన లెక్క. అదే దేశంలో ఆన్‌లైన్ చార్టర్ స్కూళ్ళ (ప్రభుత్వ డబ్బుతో వేరే సంస్థలు నడిపే బళ్ళు) మీద స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో లెక్క తీస్తే, మామూలు బళ్ళ పిల్లలకంటే గణితంలో 180 రోజుల చదువు వెనకబడి ఉన్నారని తేలింది. అక్కడ బడి ఏడాదే 180 రోజులు. చదవడంలో 72 రోజులు వెనక. ఇక ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర 1951 నుంచి గాలి బడి ఒకటి నడుస్తోంది. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ వందల కిలోమీటర్లుండే పశువుల పెంపకం క్షేత్రాల్లో ఉండే పిల్లలకి మొదట రేడియోలో పాఠాలు చెప్పారు, ఇప్పుడు ఉపగ్రహం ద్వారా చెబుతున్నారు. ఇన్నేళ్ళు అది నిలబడటానికి కారణం, ప్రతి ఇంట్లోనూ పిల్ల పక్కన కూర్చునే ఒక పెద్దమనిషి ఉండాలన్న నియమం. ఎక్కువగా తల్లే. ఏడాదిలో కొన్నిసార్లు పిల్లలందరినీ ఊరికి పిలిపించి కలిపి కూర్చోబెడతారు కూడా. మన ఢిల్లీలో కూడా 2022లో ప్రభుత్వం తొమ్మిది నుంచి పన్నెండు దాకా వర్చువల్ స్కూలు పెట్టింది.

వరద భయం మీకు నిజమైనదే. చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మునిగినప్పుడల్లా పిల్లలు పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని నావ ఎక్కడం ప్రతి ఏడూ చూస్తున్నాం. కానీ ఏడాదికి ఆ పది, పదిహేను రోజుల కోసం మిగతా బడి రోజులన్నీ వదులుకోనక్కర్లేదు. ఆ రోజులకి ప్రభుత్వం వాళ్ళ దీక్షా యాప్‌లో మన రాష్ట్ర పుస్తకాల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. పైగా వరద నాడు ముందు పోయేవి కరెంటు, సిగ్నలు. ఆ గట్టు మీది పిల్ల కూడా నాలుగో రోజుగానీ రాలేకపోయింది.

ఇప్పుడు మీ అమ్మాయి. సంక్రాంతికి ఎందుకు ఏడ్చిందో మీ ఉత్తరంలో లేదు. మీరు అడగలేదో, అడిగినా చెప్పలేదో నాకు తెలియదు. తిండి పడకపోవచ్చు, పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటిదాకా చదివించే స్టడీ అవర్లు భరించలేకపోవచ్చు, మార్కుల ప్రకారం సెక్షను మార్చి ఉండొచ్చు, ఎవరో ఏడిపిస్తుండొచ్చు, ఇంకా చెప్పరానిదేదో జరిగి ఉండొచ్చు. అది తెలియకుండా ఏ బడి అయితే మంచిదో ఎవరూ చెప్పలేరు. హాస్టలు పడకపోతే ఊళ్ళో బడి చాలు. మనుషులంటేనే భయం పట్టుకుంటే ఫోను బడి ఆ భయాన్ని ఇంకా పెంచుతుంది, గది దాటాల్సిన పనే లేకుండా చేస్తుంది కాబట్టి. "అదైతే చదువుతాను" అంది చూడండి, ఆ మాటలో చదువు మీద ఇష్టం ఇంకా ఉంది. దాన్ని పట్టుకోండి.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఈ వయసు పిల్లలు చెప్పరు. తల దువ్వుతూనో, కరివేపాకు దూస్తూనో, ముఖం చూడకుండా అడగండి. "తప్పు నీదైనా నేను తిట్టను" అని ముందే చెప్పండి. పిల్ల చెప్పేదాకా ఆగండి, మధ్యలో "మిగతావాళ్ళు ఉండట్లేదా" అనకండి. మీకు చెప్పకపోతే మీ అత్తగారిని పక్కన పడుకోబెట్టుకోమనండి, మామ్మలకి రాత్రిపూట చెప్పేస్తారు. తిండి మానేసినా, నిద్రపోకపోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఆలస్యం చెయ్యకుండా 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలిమానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా చెయ్యి చేసుకున్నారనో, ఇంకేదైనా అన్యాయం జరిగిందనో చెబితే పిల్లల సహాయ నంబరు 1098 ఉంది.

ఆ మాటల్లో అలాంటిదేమీ లేకపోతే, మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానో చెబుతాను. ముందు ఆ హాస్టలు స్కూలు నుంచి టీసీ, ఎనిమిదో తరగతి మార్కుల జాబితా తెచ్చుకుంటాను. బకాయి ఉందని తిప్పితే రాతపూర్వకంగా అడిగి, ఆ నకలు విద్యాశాఖ అధికారికి ఇస్తాను. జూన్ 12కి దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదిలో పేరు వేయిస్తాను. చేరకముందే ఒకరోజు పిల్లని తీసుకెళ్ళి హెడ్‌మాస్టరుగారినీ, తొమ్మిదో తరగతి క్లాస్ టీచరునీ కలిపిస్తాను. "హాస్టల్లో ఇబ్బంది పడి వచ్చిందండి, మొదటి నెల కాస్త చూసుకోండి" అని చెబితే చూసుకునే టీచర్లు మన బళ్ళలో ఉన్నారు. నా తోటివాళ్ళ గురించి ఈ మాట పూచీపడి చెబుతున్నాను. మీ ఊరి నుంచి అదే బడికి వెళ్ళే పిల్ల ఒకర్తి ఉంటే వేసవిలోనే ఇంటికి పిలవండి.

ఆన్‌లైన్ చదువు కావాలన్న కోరికని కొట్టిపారేయను. సాయంత్రం ఒక్క సబ్జెక్టు, తనకి ఏది కష్టమో అది, నెలవారీ ఫీజు కట్టే చోట పెట్టిస్తాను. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకి కూడా రోజుకి ముప్పై, నలభై అయిదు నిమిషాల పీరియడ్లు నాలుగు దాటకూడదని కరోనా ఏట 2020 జూలైలో కేంద్ర విద్యాశాఖే చెప్పింది. బడికి వెళ్ళొచ్చిన పిల్లకి ఒకటి చాలు. గదిలో కాదు, వీధరుగు మీదో వంటింటి పక్కనో, మీకు కనిపించే చోట.

ఇంత చేసినా బడి గేటు దాకా వెళ్ళి వణికిపోతే, అప్పుడు బలవంతపెట్టకండి. డాక్టరుకి చూపించండి, జనవరిలో 14 నిండాక ఓపెన్ స్కూలు దారి ఉంది. ఆ దారిన వెళ్తే ఫీజు మీరే నేరుగా కట్టండి, మధ్యలో కంపెనీ వద్దు. అప్పుడు బడి నడపాల్సింది మీరే. తొమ్మిదింటికి స్నానం చేసి కూర్చోవాలి. రోజూ రెండు పేజీలు చేత్తో రాయాలి, ఎందుకంటే ఎంత తెరమీద చదివినా ఓపెన్ స్కూలు పరీక్ష కేంద్రానికి వెళ్ళి మూడు గంటలు కాగితం మీద రాయాల్సిందే. ఫోన్లో చదివిన పిల్లలు ఎక్కువమంది అక్కడే, జవాబు తెలిసి కూడా చెయ్యి లాగేసి, ఆగిపోతారు. వారానికి రెండు రోజులైనా సాయంత్రం నలుగురు పిల్లలతో కలవాలి, లైబ్రరీ కానివ్వండి, కుట్టు నేర్చుకోవడం కానివ్వండి, షటిల్ కానివ్వండి. మస్కట్ మనకంటే గంటన్నర వెనక. మీ ఆయన డ్యూటీ దిగేసరికి ఇక్కడ రాత్రి భోజనాల వేళ అవుతుంది. "బాగా చదువుతున్నావా" అని అడగొద్దనండి. "ఈరోజు నేర్చుకున్నది ఒకటి నాకు నేర్పు" అనమనండి.

మీ అత్తగారి మాటని పాతకాలం మాటని తీసెయ్యకండి. ఆవిడకి యూడైస్ కోడ్ తెలియకపోవచ్చు, కానీ బడికెళ్ళని చదువు అన్నప్పుడు ఆవిడ అడుగుతున్నదీ నేను అడగమన్నదీ ఒకటే.

ఆ కౌన్సెలర్‌కి ఫోన్ చేసి రిజిస్టరు సంగతి అడిగాక ఏం చెప్పాడో నాకు రాయండి. కానీ దానికంటే ముందు, ఈ ఆదివారం పిల్ల తలంటు చేస్తూ సంక్రాంతి సంగతి అడగండి.